బీడు అని రాసిన చోట

మా నాయన కరణం. 1984 జనవరిలో ప్రభుత్వం కరణాల, మునసబుల వ్యవస్థను ఎత్తేసేదాకా మా నడిమింట్లో గుడ్డమూటల్లో కట్టిన గ్రామ లెక్కలు ఉండేవి. నేను బడి చదువులో ఉన్నప్పుడు సెలవుల్లో నాయన దగ్గర కూర్చుని అడంగల్ రాసిపెట్టేవాణ్ణి. ఆయన సర్వే నంబరు చెప్పేవాడు, విస్తీర్ణం చెప్పేవాడు, పైరు గడి దగ్గరికి వచ్చేసరికి వేరుశనగ అనో, జొన్న అనో, కొర్ర అనో చెప్పేవాడు. చాలా నంబర్లకు మాత్రం ఒక్కటే మాట: "బీడు." నేను అలాగే రాసేవాణ్ణి.

ఆ బీడులోనే పొద్దస్తమానం మా ఊరి గొర్లూ ఆవులూ మేసేవి. ఊరి పాలు, నెయ్యి, పొలాలకు తోలే ఎరువు, పొయ్యిలోకి కంప, చీపురు పుల్ల, నాటు వైద్యుడికి కావలసిన ఆకూ వేరూ, అన్నీ అక్కణ్ణించే. లెక్కలో మాత్రం అక్కడ ఏమీ లేదు. శిస్తు రాని నేలకు లెక్కలో పని ఉండదు.

ఈ పుస్తకం రాతప్రతి చదువుతున్నంత సేపూ నాకు ఆ అడంగల్ కాగితమే కళ్ళముందు ఆడింది. దీన్ని రాసిన అమ్మాయి ఇన్నేళ్ళుగా చేసిన పని, ఒక్క మాటలో చెప్పాలంటే, "బీడు" అని రాసిన చోట నిజంగా ఏం జరిగిందో కనుక్కోవడం. మా ఊరి బీడు కాదు, దక్షిణ దక్కను బీళ్ళన్నీ. నిన్నటి సంగతి కాదు, ఐదు వేల ఏళ్ళ సంగతి.

ఆమె తండ్రి డిగ్రీలో నా విద్యార్థి. ఆమెను చంకలో ఉన్నప్పటి నుంచి ఎరుగుదును. పిహెచ్‌డి అయ్యాక పోస్ట్ డాక్టోరల్ పరిశోధనకు విదేశానికి వెళ్ళింది. ఏ అంశం తీసుకున్నావమ్మా అని అడిగితే, "పాతకాలం వాళ్ళు నేలను ఎట్లా వాడుకున్నారో చూడడం సార్" అంది. అది చరిత్రా, భూగోళమా, వ్యవసాయమా అని అడిగాను. "మూడూనూ" అంది. తిరిగి వచ్చాక ఆ పరిశోధనను ఇంగ్లీషులో వ్యాసాలుగా వదిలెయ్యకుండా తెలుగులో పుస్తకంగా తిరగరాసింది. ముందుమాట నన్ను రాయమంది. నేను తవ్వకాలు చేసినవాణ్ణి కాదు, పాఠాలు చెప్పినవాణ్ణి, పురావస్తు శాస్త్రంలో తలపండిన వాళ్ళ చేత రాయించుకో అన్నాను. "మీరు అడంగల్ రాశారు కదా సార్. ఆ సంగతి రాయండి చాలు" అంది. అందుకే దానితోనే మొదలుపెట్టాను.

ఎప్పుడో పోయినవాళ్ళు నేలను ఎలా వాడుకుంటే ఇప్పుడు మనకేం అని అడిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళు మొదటి అధ్యాయం నిదానంగా చదవాలి. వాతావరణం ఎలా మారుతూ వచ్చిందో లెక్కగట్టే శాస్త్రజ్ఞులకు పూర్వం భూమి మీద ఎక్కడ అడవి ఉండేది, ఎక్కడ పొలం ఉండేది అన్నది తెలియాలి. అడవి కొట్టి పొలం చేస్తే గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. నీళ్ళు నిలిపి వరి పండిస్తే, పశువులు పెరిగితే మీథేన్ పెరుగుతుంది. విలియం రడ్డిమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 2003లో ఒక సంచలనమైన మాట అన్నాడు. మనిషి గాలిని మార్చడం ఆవిరి యంత్రాలతో మొదలు కాలేదు, వేల ఏళ్ళ కిందట తొలి రైతులతోనే మొదలైంది అని. ఆ వాదం మీద తర్జనభర్జనలు ఇంకా తెమల్లేదు. తెమలాలంటే పాత నేల ఎలా ఉండేదో తెలిసిన పటాలు కావాలి.

పటాలు లేకపోలేదు. వాటిని తయారుచేసే పద్ధతిలోనే చిక్కుంది. ఫలానా శతాబ్దంలో ఫలానా ప్రాంతంలో ఇంతమంది జనం ఉండి ఉంటారని ఒక అంచనా వేస్తారు. తలకు ఇంత సాగునేల కావాలని మరో అంచనా వేసి, రెండూ హెచ్చిస్తారు. వచ్చినంత మేర పొలమని రంగు పూస్తారు. మిగిలిందంతా మనిషి చెయ్యి పడని నేల కిందికి పోతుంది. మా నాయన అడంగల్‌కూ ఈ ప్రపంచ పటానికీ నాకు పెద్ద తేడా కనబడలేదు. పైరు ఉంటే పేరు ఉంటుంది, లేకపోతే బీడు.

ఈ లోపం సరిదిద్దడానికి పురావస్తు శాస్త్రజ్ఞులూ, పుప్పొడి మీద పనిచేసేవాళ్ళూ, చరిత్రకారులూ కలిసి ల్యాండ్‌కవర్ 6కె పేరుతో అంతర్జాతీయ ప్రయత్నం ఒకటి మొదలుపెట్టారు. గత 6,000 ఏళ్ళ కాలంలో ఏ నేలను మనుషులు దేనికి వాడారో అంచనాలతో కాక ఆధారాలతో పటాలు గీయాలన్నది ఆశయం. విజయనగర ప్రాంతంలోని చెరువుల మీదా సాగు మీదా ఏళ్ళ తరబడి పనిచేసిన కేథలీన్ మోరిసన్ అందులో ముఖ్యురాలు. ఇదే దారిలో 2019లో మరో అధ్యయనం 'సైన్స్' పత్రికలో వచ్చింది. ప్రపంచాన్ని 146 ప్రాంతాలుగా విడదీసి, 255 మంది పురావస్తు నిపుణుల చేత చెప్పించి కూర్చిన అధ్యయనం అది. వేటగాళ్ళు, పశువుల కాపరులు, రైతులు కలిసి 3,000 ఏళ్ళ కిందటికే భూమి ముఖాన్ని చాలామేరకు మార్చేశారని అది తేల్చింది. పటాలు చెప్పినదానికన్నా ఇది చాలా ముందు మాట.

ఈ నేపథ్యంలో మన సీమను ఎలా గుర్తించాలి అన్నది ఈ అమ్మాయి ఎత్తుకున్న ప్రశ్న. జవాబు కోసం ఆమె మొదట వెళ్ళింది చెరువుల దగ్గరికి కాదు, కోటల దగ్గరికి కాదు. బూడిద దిబ్బల దగ్గరికి.

అనంతపురం, కర్నూలు, పాలమూరు, బళ్ళారి, రాయచూరు ప్రాంతాల్లో వందకు పైగా ఈ దిబ్బలు లెక్కకు వచ్చాయి. కొన్ని మనిషెత్తు, కొన్ని మిద్దెఎత్తు. పైన గరుకు, లోపల మెత్తటి తెల్ల బూడిద, మధ్య మధ్య గాజులా కరిగి గడ్డకట్టిన చిట్టెం. హంపి దగ్గర నింబాపురంలోని దిబ్బను వాలిని దహనం చేసిన చోటని చూపిస్తారు. పందొమ్మిదో శతాబ్దిలో తెల్ల అధికారులు వీటిని చూసి అగ్నిపర్వతాలన్నారు, ఇనుము కరిగించిన కొలుములన్నారు. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రం ఇవి కాలిన పశువుల పేడ అని గట్టిగా చెప్పాడు. ఆ మాటను తవ్వకంతో నిలబెట్టినవాడు రేమండ్ ఆల్చిన్. 1957లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్వాడు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, ఇది కృష్ణకు దగ్గరి పాలమూరు పల్లె. దొడ్డి చుట్టూ గుంజలు పాతిన గుంతలు దొరికాయి. బూడిద పొరల మధ్య పశువుల గిట్టల అచ్చులు దొరికాయి.

ఆ గిట్టల గురించి ఈ పుస్తకంలో నాలుగు పేజీలున్నాయి. నేను మూడుసార్లు చదివాను. కాల్చిన దొడ్డిలో బూడిద ఇంకా మెత్తగా ఉండగానే పశువులను మళ్ళీ లోపలికి తోలారు. అవి తొక్కిన అచ్చుల మీద మళ్ళీ పేడ పడింది. మళ్ళీ కాలింది. నాలుగున్నర వేల ఏళ్ళ కిందట ఒక సాయంత్రం ఇంటికి మళ్ళిన మంద అడుగులు అలాగే నిలిచిపోయాయి. రాజుల అడుగుజాడలు వెతుక్కుంటూ ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి నేను. నా పాఠంలో ఆంధ్ర దేశపు సేద్యం శాతవాహనులతో మొదలై కాకతీయుల చెరువుల దగ్గర నిండుకునేది. అంతకు రెండు వేల ఏళ్ళ ముందే ఇక్కడ ఒక మంద నడిచిన సంగతిని ఒక్క వాక్యంలో దాటేసేవాణ్ణి. అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది.

ఆల్చిన్ తర్వాతి వాళ్ళ పనిని ఆమె గౌరవంగా, వివరంగా చెప్పింది. పాలవాయి తవ్వకాల మీద వి. రామిరెడ్డి గారి పుస్తకం 1976లో వచ్చింది. పుణె దక్కన్ కళాశాల ఆచార్యులు కె. పద్దయ్య గారు కర్ణాటకలోని బూదిహాళ్‌లో ఏళ్ళ తరబడి తవ్వి, బూడిద దిబ్బ అంటే అడవిలో ఒంటరిగా ఉన్న పశువుల దొడ్డి మాత్రమే కాదని చూపించారు. దొడ్డి పక్కనే ఇళ్ళున్నాయి, పశువులను కోసిన నేల ఉంది. అంటే అది ఒక ఊరు.

మరి ఊరివాళ్ళు తిన్నదేమిటి? ఇక్కడ ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం వస్తుంది. తవ్విన మట్టిని బకెట్టు నీళ్ళలో పోసి కలియబెడితే మట్టి అడుక్కి దిగుతుంది, మాడి బొగ్గయిన గింజలు పైకి తేలతాయి. సన్నటి వల మీద వడగట్టి నీడన ఆరబెడతారు. మా అమ్మ బియ్యం గాలించినట్టే ఉంది అన్నాను. "అంతే సార్, మేము బియ్యాన్ని వదిలేసి తేలిన తాలును దాచుకుంటాం" అంది. ఆ రోజు తన దగ్గరున్న చిన్న గాజు సీసా నా అరచేతిలో పెట్టి, భూతద్దం అందించింది. లోపల ఒక నల్లటి గింజ, చదునుగా, అంచు కాస్త వంగి. చూసిన మరుక్షణం పోల్చుకున్నాను. ఉలవ. మా ఇంట్లో ఎద్దుల కోసం ఉడకబెట్టిన ఉలవల కట్టుతో చారు కాచుకు తిన్నవాణ్ణి, పోల్చుకోకపోతే ఎలా?

డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య మొదలైనవారు చేసిన పని వల్ల ఈ గింజల కథ మనకు తెలిసింది. బళ్ళారి దగ్గరి సంగనకల్లు, మన అనంతపురం జిల్లా వేల్పుమడుగు, కడప వైపు పెద్దముడియం, హనుమంతరావుపేట లాంటి చోట్ల దొరికిన గింజల్లో నాలుగు ముఖ్యం. ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్ర జాతికి దగ్గరి మరో సన్న గింజ. ఇవి ఎక్కడినుంచో తెచ్చుకున్నవి కావు, ఇక్కడి వానకు, ఇక్కడి ఎర్రనేలకు అలవాటైనవి. దక్షిణ భారతంలో సేద్యం తనంత తానుగా మొదలైందనడానికి ఇవే పెద్ద ఆధారం. సీమ తిండి అనగానే మనకు గుర్తొచ్చే జొన్న ఆ తర్వాత ఆఫ్రికా నుంచి వచ్చింది. సజ్జ, రాగి, అనుములూ అంతే. అనంతపురానికి మారుపేరైన వేరుశనగ దక్షిణ అమెరికాది, నిన్నగాక మొన్న వచ్చింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని జిల్లాను వేరుశనగకు రాసిచ్చి, ఉలవలను ఎద్దుల తొట్టిలోకి తోసేసిన తరం మాది. ఐదు వేల ఏళ్ళ కిందటివాళ్ళు ఈ నేలకు ఏది సరిపోతుందో మాకన్నా బాగా ఎరుగుదురు.

పెసలకూ మినుములకూ తేడా ఎలా పట్టారన్నది కూడా ఆమె రాసింది. మాడిన బద్దను తెరిచి లోపలి మొలక ఎంత పొడవుందో కొలిచి చెబుతారట. పేడ ఆనవాలు కూడా అంతే. గడ్డి మేసే జంతువుల పేగుల్లో కంటికి కనబడని సున్నపు గోళాలు పుడతాయి, సూక్ష్మదర్శినిలో అవి కనబడితే అక్కడ పశువులు ఉన్నాయన్నమాట. మరీ ఎక్కువ వేడికి అవి చెరిగిపోతాయి, కాబట్టి కనబడకపోయినంత మాత్రాన పశువులు లేవనకూడదు. ఇలాంటి జాగ్రత్త ప్రతి పేజీలో ఉంది. తనకు అనుకూలమైన ఆధారాన్ని ఎంత అనుమానంతో చూసిందో చూడండి.

ఒకే నేల ఏడాదిలో మూడు పనులు చేస్తుంది అన్నది ఆమె అసలు వాదన. తొలకరిలో అందులో గొర్రు నడుస్తుంది, కోత అయ్యాక గొర్లు మేస్తాయి, ఆపైన రైతు కాపరిని బతిమాలి ఎరువు కోసం మంద కట్టించుకుంటాడు. పటం గీసేవాడు దానికి ఏ రంగు వెయ్యాలి? సీమలో మంద కట్టించడం ఇప్పటికీ ఉంది. ఆమె కురుబ కాపరుల వెంట నడిచి, వాళ్ళు ఏ నెలలో ఏ దారిన పోతారో, ఏ ఊళ్ళో ఎన్ని రాత్రులు ఆగుతారో రాసుకుంది. అయితే వాళ్ళను ఆనాటి వాళ్ళ వారసులని ఎక్కడా అనలేదు. నేలను ఇలా కూడా వాడవచ్చు అనడానికి సాక్ష్యంగా మాత్రమే నిలబెట్టింది.

ఇక్కడొక చిక్కుముడి ఉంది, దాన్ని ఆమె దాచలేదు. పేడ అంత విలువైనదైతే పొలానికి తోలకుండా ఎందుకు కాల్చేశారు? సేద్యం ఇంకా చిన్నదేమో, దొడ్డిలో పురుగూ రోగమూ పోవడానికేమో, లేదా పండుగేమో. ఆల్చిన్ ఈ మంటలను మన పండుగ మంటలతో పోల్చాడు. భోగి పిడకలు దండలు గుచ్చి మంటలో వేసిన చేతులు నావి, ఆ పోలిక నాకు నచ్చింది, నమ్మాలనిపించింది. మధ్యలో నాలుగు వేల ఏళ్ళ ఖాళీ ఉంది సార్ అని ఆమె ఒప్పుకోలేదు. పుస్తకంలోనూ ఒప్పుకోలేదు. ఆమె మాటే సరైనది.

చెరువుల భాగానికి వస్తే, పోరుమామిళ్ళ శాసనం మీద ఆమె వేసిన ఒక్క ప్రశ్న కోసం ఈ పుస్తకం కొనుక్కోవచ్చు. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కడప సీమలో ఆ చెరువు కట్టించి రెండు రాతిపలకల మీద సంస్కృతంలో శాసనం వేయించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడునేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం లాంటివి ఆ దోషాలు. రోజూ 1,000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ళ పని. ఈ శాసనాన్ని నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మన పూర్వుల నీటి తెలివికి ఇంతకు మించిన సాక్ష్యం ఏముంది అనేవాణ్ణి. ఆమె అడిగిన ప్రశ్న నాకు ఒక్కసారీ తోచలేదు. ఆ నూరు బండ్లు లాగిన ఎద్దులు రెండేళ్ళ పాటు ఏ బీడులో మేశాయి?

శాసనం చెప్పదు. శాసనాలు నీరునేలను చెబుతాయి, తోటను చెబుతాయి, దానమిచ్చిన పొలానికి నాలుగు దిక్కుల పొలిమేరలు చెబుతాయి. మేపునేల పొలిమేర గుర్తుగా తప్ప రాదు. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి అప్పగించాక, థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి చేను చేనూ కొలిపించాడు. ఆయన కొలతలో పల్లం, మెట్ట, తోట ఉన్నాయి. తర్వాతి లెక్కల్లో బంజరు, పోరంబోకు వచ్చాయి. ఆ వరసలో చివరివాడు మా నాయన. విజయనగరపు చెరువుల్లో ఎన్ని తొందరగా పూడిపోయాయో, జనంలో ఎక్కువమందికి అన్నం పెట్టింది వాన మీద బతికే మెట్టసేద్యమేనని మోరిసన్ ఎలా చూపిందో చెబుతూ, ఈ రచయిత్రి మనకు అలవాటైన చెరువుల చరిత్రను తిరగేసి చూపించింది. చెరువును తక్కువ చేయలేదు. చెరువుకు వెనకున్న బీడును ముందుకు తెచ్చింది.

రెండు లోపాలు చెప్పకపోతే పెద్దవాడిగా నా పని చేసినట్టు కాదు. కొన్నిచోట్ల పారిభాషిక పదాలు మరీ బరువయ్యాయి. 'పశుసంచార మేపు భూవినియోగ విధానం' అనడం కన్నా 'మంద తిరిగిన నేల' అంటే మా ఊరివాళ్ళకు కూడా తెలుస్తుంది. రెండోది, కృష్ణకు అవతలి తెలంగాణకు రావలసినంత చోటు రాలేదు. ఉట్నూరుతో మొదలైన కథ మిగతా పాలమూరు చెలకల దాకా సాగాల్సింది. మలి ముద్రణలో ఈ రెండూ సరిచేస్తానని మాటిచ్చింది.

ఒక బాధ చెప్పుకుని ముగిస్తాను. మా పక్క ఊళ్ళో నా చిన్నప్పుడు ఒక దిబ్బ ఉండేది. బూదిగుట్ట అనేవాళ్ళం. ఎండాకాలంలో ఎద్దుల బండ్లు వచ్చి బూడిద తోలుకుపోయేవి, చేనుకు మంచి ఎరువని. రైతులది తప్పనను, వాళ్ళకెవరు చెప్పారు గనక? బండ్లతో అరవై ఏళ్ళలో సగమే పోయింది. ఆ తర్వాత రోడ్డు పని వచ్చింది. ఒక గుత్తేదారు మనుషులు యంత్రం పెట్టి మిగతా సగాన్ని నాలుగు రోజుల్లో ఎత్తి మట్టికట్టలో పోశారు. నేనప్పుడు ఆ ఊరికి బస్సులో పోతూ చూశాను. తెల్లటి పొడి గాలిలో లేచి బస్సు కిటికీలోంచి నా చొక్కా మీద పడింది. దులుపుకున్నాను. అందులో ఏముందో నాకు తెలియదు అప్పుడు.

ఇప్పుడు తెలుసు, మీకూ తెలుస్తుంది. ఈ పుస్తకం చివర ఊళ్ళ పేర్ల పట్టిక ఉంది. మీ ఊరు అందులో ఉంటే ఆ దిబ్బ దగ్గరికి ఒకసారి వెళ్ళండి. అందులో లేని దిబ్బ మీ ఊళ్ళో ఉంటే రచయిత్రికి ఒక ఉత్తరం రాయండి, పురావస్తు శాఖకు ఒక అర్జీ పెట్టండి. గ్రామసభలో లేచి ఆ నంబరు ఫలానా అని చెప్పి రాయించండి. అక్కడ మట్టి తోలనివ్వకండి.